తొమ్మిదేళ్లుగా లెక్కలే వేస్తున్నాను, ఎవరిని కాపాడాను?

ఉత్తరం రాసినావిడ తన పేరు, సంస్థ పేరు బయటపెట్టొద్దని కోరారు. వయసు 37. వైద్యవిద్య పూర్తయ్యాక ప్రసూతి విభాగంలో మూడేళ్లు జూనియర్ డాక్టరుగా పనిచేశారు. ఒక నైట్ డ్యూటీలో, కాన్పయిన గంటలోపే ఒక బాలింతకు రక్తస్రావం మొదలైంది. "మామూలుగా పోయేదే అనుకున్నాం. తడిసిన గుడ్డలు తీసి కొత్తవి వేస్తూ పోయాం. నాడి చూసి కంగారుపడేసరికి ఆలస్యమైపోయింది" అని రాశారు. తెల్లవారకముందే ఆమె చనిపోయింది. బిడ్డ బతికింది. కొన్ని నెలలకే ఈవిడ ఆసుపత్రి వదిలేసి, జబ్బులు జనంలో ఎలా వస్తాయో లెక్కలతో చూసే ఎపిడెమియాలజీ చదివారు, తల్లీబిడ్డల ఆరోగ్య పరిశోధనలోకి వచ్చారు. ఇప్పటికి తొమ్మిదేళ్లు.

అందులో చివరి ఐదేళ్లూ ఒకే ట్రయల్. సగం ఊళ్లలో శిక్షణ పొందిన కార్యకర్తలు బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డను వెచ్చగా ఉంచడం, పాలు పట్టడం, ప్రమాద లక్షణాలు గుర్తించడం నేర్పారు. మిగతా సగం ఊళ్లలో మామూలు సేవలే. నెలలోపు బిడ్డల మరణాలు తగ్గుతాయా అన్నది ప్రశ్న. తగ్గినట్టు తేలలేదు. అసలు ప్రభావం ఎంత ఉండొచ్చో చెప్పే అంకెల పరిధి, అంటే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, 'ఏ తేడా లేదు' అని చెప్పే 1కి అటూ ఇటూ పరుచుకుంది. ప్రాజెక్టుకు పెద్ద అయిన పీఐగారు (ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్) మాత్రం, "తొలికాన్పు తల్లుల్లో తేడా కనిపిస్తోంది, పేపరు అక్కడి నుంచి మొదలుపెడదాం" అంటున్నారు. గ్రాంటు ఎనిమిది నెలల్లో అయిపోతుంది. ఇంట్లో నాలుగేళ్ల పాప. చేతిలో మూడు దారులున్నాయి: ఒక మందుల కంపెనీలో డేటా ఉద్యోగం, మళ్లీ ఆసుపత్రి, ఇంకోచోట రెండేళ్ల ఫెలోషిప్. "డాక్టరు చదివి లెక్కలు రాసుకుంటున్నావు" అని వాళ్లమ్మగారు ఇప్పటికీ బాధపడతారట. ఉత్తరం చివర ఇలా ఉంది: "డేటాలో చనిపోయిన ప్రతి బిడ్డ పక్కనా 1, బతికిన ప్రతి బిడ్డ పక్కనా 0. ఆ 1లు చూస్తుంటే ఆమే గుర్తొస్తుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. ఇన్నేళ్లలో నేను ఎవరిని కాపాడాను?"

సమాధానం

ముందు ట్రయల్ సంగతి మాట్లాడుకుందాం. ఉద్యోగం గురించి ఆలోచించడానికి ఎనిమిది నెలలుంది. పేపరుకు అంత వ్యవధి లేదు, ఈలోపే దాని మీద మీ పేరు ఉండాలో వద్దో తేల్చుకోవాల్సి వస్తుంది.

మీ పీఐగారి గురించి రెండు పేజీలు రాశారు. మీ గురించి మాత్రం ఒక్క వాక్యం: "నిజం చెప్పాలంటే ఆ తేడా నిజమైతే బాగుండునని నాకూ ఉంది." నేను ఆగింది అక్కడే. ఆయనకు ఆ తేడా వచ్చే గ్రాంటు కోసం కావాలేమో. మీకు ఆ రాత్రి కోసం కావాలి. ఐదేళ్ల పని వల్ల ఇన్ని ప్రాణాలు నిలిచాయని ఒక అంకె చెబితే, ఆ లేబర్ రూములో జరిగినదానికి ఎంతో కొంత చెల్లవుతుందన్న ఆశ. ఈ మాట మీరు రాయలేదు, నాకలా అనిపించింది. తప్పయితే పక్కన పెట్టేయండి. కానీ నిజమైతే, ఆ సబ్‌గ్రూప్ (మొత్తం మందిలోంచి విడదీసి చూసే వర్గం, ఇక్కడ తొలికాన్పు తల్లులు) విషయంలో ఆయన కంటే మీ మీద మీరే ఎక్కువ కన్నేసి ఉంచాలి. గ్రాంటు కోసం తొందరపడేవాళ్లకు తాము తొందరపడుతున్నామని తెలుస్తుంది. ఒక మనిషిని తలుచుకుని తొందరపడేవాళ్లకు అది తెలియదు.

1988లో వచ్చిన ఐసిస్-2 ట్రయల్ మీరు చదివే ఉంటారు. గుండెపోటు వచ్చిన 17,187 మంది మీద చేశారు. ఆస్పిరిన్ మరణాలను స్పష్టంగా తగ్గించింది. సబ్‌గ్రూపులను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో చూపడానికి ఆ పరిశోధకులు రోగులను పుట్టిన తేదీని బట్టి రాశుల వారీగా విడదీశారు. మిథున, తుల రాశుల వాళ్లకు ఆస్పిరిన్ పనిచేయనట్టు, పైపెచ్చు కాస్త చెడు చేసినట్టు లెక్క తేలింది! అసలు ఏ తేడా లేనిచోట, తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశానికి 5 శాతం హద్దు పెట్టుకుని, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 సబ్‌గ్రూపులు చూస్తే, కనీసం ఒకదాంట్లోనైనా 'తేడా' తగిలే అవకాశం 64 శాతం. మీ టీము ఇప్పటిదాకా ఎన్ని రకాలుగా విడదీసి చూసిందో ఉత్తరంలో లేదు. ముందు అది లెక్కపెట్టండి.

తర్వాత ప్రోటోకాల్, అనాలిసిస్ ప్లాన్ తీయండి. డేటా తెరవకముందే తొలికాన్పు తల్లులను విడిగా చూస్తామని అందులో రాసి ఉందా? ఉంటే, రెండు వర్గాల మధ్య తేడా నిజంగా నిలుస్తుందో లేదో ఇంటరాక్షన్ టెస్టు చేసి, దాని చోట అది రాయండి. ఒక వర్గంలో పీ విలువ (ఏ తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) చిన్నదిగా వచ్చి ఇంకో వర్గంలో రాకపోవడం దానికి సాక్ష్యం కాదు. ముందు రాయకపోతే, తర్వాత చూసినదని చెప్పి, ఎన్ని చూశారో కూడా చెప్పి, చివర్లో రాయండి. ఏదీ దాచొద్దని నా ఉద్దేశం. పేపరులో మొదట రావాల్సింది మాత్రం మొదట అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబే.

పీఐగారితో ఈ మాట ఎలా అనాలన్నది మీ భయం. తప్పు పట్టినట్టు వెళ్లకండి, ఇంతకంటే బలమైన పేపరుతో వెళ్లండి. తేడా రాని ట్రయల్‌ను ఏ పత్రికా వేసుకోదని ఆయన అంటున్నారట. 2017లో ఉత్తరప్రదేశ్‌లోని 120 ఆరోగ్య కేంద్రాల్లో కాన్పు సమయపు చెక్‌లిస్టును పరీక్షించిన బెటర్‌బర్త్ ట్రయల్ ఆయన ముందు పెట్టండి. లక్షన్నరకు పైగా తల్లులూ బిడ్డలూ. సిబ్బంది పనితీరు మెరుగుపడింది, కానీ మరణాలూ తీవ్రమైన ఇబ్బందులూ కలిపి చూస్తే ఒకవైపు 15.1 శాతం, రెండోవైపు 15.3 శాతం. తేడా లేదు. దాన్ని ప్రపంచంలోని పెద్ద వైద్య పత్రికల్లో ఒకటైన న్యూ ఇంగ్లండ్ జర్నల్ వేసుకుంది. మంచి పద్ధతులు పాటించినంత మాత్రాన ప్రాణాలు నిలవవనీ, పెద్దాసుపత్రికి చేర్చే ఏర్పాటూ, నైపుణ్యమూ, సామగ్రీ కూడా కావాలనీ చాలామంది ఆలోచనలో పడింది ఆ ఫలితం తర్వాతే.

ఇంకో ఉదాహరణ నాకు మరీ ఇష్టం. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదుగుతాయని న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ 1972లోనే చూపించారు. ఆ తర్వాత అదొక తిరుగులేని సత్యమైపోయింది. అయితే మారుమూల చోట్ల కూడా విరివిగా ఇస్తే? 2015లో ఆరు దేశాల్లో దాదాపు లక్ష జననాల మీద చేసిన యాక్ట్ ట్రయల్ అదే అడిగింది. తక్కువ బరువు బిడ్డల మరణాలు తగ్గలేదు. మొత్తం మీద చూస్తే వెయ్యికి 23.9 నుంచి 27.4కు పెరిగాయి! ఆ అంకెలు చూసిన పరిశోధకుల పరిస్థితి ఊహించుకోండి. వాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేశారు. దానివల్లే, నెలలు సరిగ్గా లెక్కగట్టగలిగి, బిడ్డకు తగిన సంరక్షణ ఇవ్వగలిగే ఆసుపత్రుల్లో ఈ మందును మళ్లీ పరీక్షించాలన్న ప్రశ్న పుట్టింది. 2020లో భారత్‌తో సహా ఐదు దేశాల్లో జరిగిన యాక్షన్-1 ట్రయల్‌లో బిడ్డల మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. మందు అదే. ఎక్కడ మేలు చేస్తుంది, ఎక్కడ చెరుపు చేస్తుంది అన్నది తేలడానికి యాక్ట్ ట్రయల్ కావాల్సి వచ్చింది.

నా మొదటి ట్రయల్‌లోనూ తేడా రాలేదు. రెండేళ్లు సొరుగులో పెట్టాను. ఈలోపు వేరే బృందం అదే పద్ధతిని మొదటి నుంచీ పరీక్షించడం మొదలుపెట్టింది. వాళ్ల కార్యకర్తలు నడిచిన ఆ నడకంతా నేను తప్పించగలిగేదాన్ని. ఇప్పటికీ అది నాకు కష్టంగానే ఉంటుంది.

మీ ఉత్తరం మూడో పేజీలో, ఏదో మామూలు విషయం చెప్పినట్టు, మొదటి సందర్శన ఎక్కువ ఇళ్లకు మూడో రోజునే జరిగిందని రాశారు. అది మామూలు విషయం కాదు! నెలలోపు చనిపోయే బిడ్డల్లో దాదాపు నాలుగింట మూడొంతులు మొదటి వారంలోనే పోతారు, అందులోనూ పుట్టిన మొదటి రోజే అన్నిటికన్నా ప్రమాదకరం. మీ కార్యకర్త గుమ్మంలో అడుగుపెట్టేసరికే జరగకూడనిది జరిగిపోయిన ఇళ్లు ఎన్ని? మరణాల తేదీలు, సందర్శనల తేదీలు రెండూ మీ దగ్గరే ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఇది కూడా తర్వాత వచ్చిన ఆలోచనే కాబట్టి రుజువైందని రాయకూడదు, తర్వాతి ట్రయల్ అడగాల్సిన ప్రశ్నగానే రాయాలి. అయినా తొలికాన్పు సబ్‌గ్రూప్ కంటే ఇది పదిరెట్లు ఉపయోగం. కార్యకర్తలు ఎందుకు ఆలస్యమయ్యారు? కాన్పు కబురు అందకనా, ఆసుపత్రి నుంచి తల్లి ఇంటికి రాకనా? ఆ జవాబు మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇవన్నీ చెప్పినా ఆయన వినకపోతే? రెండు మార్గాలున్నాయి, రెండిటికీ ఖర్చుంది. ట్రయల్ స్టాటిస్టీషియన్‌తోనూ, ట్రయల్‌ను పర్యవేక్షించే కమిటీతోనూ మాట్లాడొచ్చు, అలాంటి తగవులు తీర్చడం ఆ కమిటీ పనే. లేదా మీ పేరు తీసేయమని అడగొచ్చు. అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల నియమాల ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే నాలుగు అర్హతలుండాలి. నాలుగోది, పేపరులోని ప్రతి భాగానికీ జవాబుదారీగా ఉండటం. మీరు నమ్మని వాక్యానికి ఇరవయ్యేళ్లు జవాబు చెప్పుకోవాలి. ఇంకోవైపు ఆయన సిఫారసు లేఖ పోవచ్చు, ఐదేళ్ల పనికి పేపరు లేకుండా పోవచ్చు. ఇది చిన్న సంగతని నేను అనను. ఏ దారి పట్టినా మీ అభ్యంతరం మర్యాదగా, క్లుప్తంగా ఈమెయిల్‌లో రాసి ఉంచండి. నోటిమాట మీదే వదిలేయొద్దు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను.

1789 నుంచి 1792 దాకా స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో బాలింత జ్వరం ప్రబలింది. అలెగ్జాండర్ గోర్డన్ అనే వైద్యుడు 77 మంది బాధితుల పట్టిక తయారుచేశాడు: ఎవరు, ఎప్పుడు, ఏ మంత్రసాని, ఏ వైద్యుడు చూశారు. క్రిములంటే ఏమిటో తెలియని కాలం. అయినా ఆ వరుసలు చదివితే జబ్బు మంత్రసానుల వెంట, వైద్యుల వెంట ఇల్లిల్లూ తిరుగుతోందని తేలిపోయింది. తానే చాలామంది స్త్రీలకు దాన్ని మోసుకెళ్లానని 1795లో అచ్చులో ఒప్పుకున్నాడు. ఊరు ఆయన మీద తిరగబడింది. ఊరొదిలి నౌకాదళానికి వెళ్లిపోయాడు, 1799లో క్షయతో పోయాడు. ఇది మీకు చెప్పడానికి కారణం ఆయన త్యాగం కాదు. తన చేతుల మీదుగా పోయినవాళ్లను కూడా మిగతావాళ్లతో పాటే ఆ పట్టికలో వరుసగా రాయగలిగాడు. వాళ్ల కోసం ప్రత్యేకమైన గడి పెట్టలేదు.

మీరు మాత్రం ఒకామెకు ప్రత్యేకమైన గడి పెట్టారు. దానికి ఎదురుగా ఇంకో గడిలో ఏదో ఒక అంకె వేయాలని తొమ్మిదేళ్లుగా చూస్తున్నారు. అమ్మా, ఆ అంకె ఎప్పటికీ దొరకదు. మీ వల్ల బతికినవాళ్లకు తాము బతికామని తెలియదు, మీకూ తెలియదు. 2000లో ప్రపంచంలో లక్ష సజీవ జననాలకు 328గా ఉన్న మాతృమరణాలు 2023కు 197కు దిగాయి. ఆ తేడాలో ఉన్న ఏ ఒక్క స్త్రీనీ వేలు పెట్టి చూపించి 'ఈమె' అనలేం. మన పనిలో ఇది నిజంగా కష్టమైన సంగతి. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు కనీసం ఇంటికి వెళ్తూ దండం పెట్టే తల్లి ఉంటుంది.

ఆ రాత్రి గురించి ఇంకొకటి. "మామూలుగా పోయేదే అనుకున్నాం" అని రాశారు. కంటితో చూసి రక్తం ఎంత పోయిందో చెప్పడం అనుభవమున్నవాళ్లకూ కష్టమే, ఎక్కువ పోయినప్పుడు తక్కువగా అంచనా వేస్తారు. 2023లో ఇ-మోటివ్ ట్రయల్ ఫలితాలొచ్చాయి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో రెండు లక్షలకు పైగా కాన్పులు. అక్కడ చేసిన మార్పు చాలా సాదాది: కాన్పయిన తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచీ పరిచి పోయిన రక్తాన్ని కొలవడం, గీత దాటితే గర్భాశయ మర్దన, మందులు, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా మొదలుపెట్టడం. అధిక రక్తస్రావాన్ని అక్కడ 93 శాతం మందిలో గుర్తించారు, మామూలు పద్ధతిలో 51 శాతం మందిలోనే. తీవ్ర రక్తస్రావం, దానికోసం కడుపు కోయాల్సి రావడం, దానివల్ల మరణం, ఈ మూడూ కలిపి 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గాయి. అంటే మీ లాంటి గదుల్లో, మీ లాంటి డాక్టర్ల కళ్ల ముందు, దాదాపు సగం రక్తస్రావాలు గుర్తింపుకే రావడం లేదు. ఆ రాత్రి మీ దగ్గర లేనిది కొలిచే సాధనం. ఇప్పుడది ఉంది, ఎవరో ఏళ్ల తరబడి 0, 1 వేసుకుంటూ కూర్చున్నందుకు ఉంది.

దారుల విషయం. ఆసుపత్రికి తిరిగి వెళ్లాలని ఉంటే వెళ్లండి, కానీ ఎందుకో చూసుకోండి. తొమ్మిదేళ్లలో మార్గదర్శకాలు మారాయి, చేతికి మళ్లీ తర్ఫీదు కావాలి, నైట్ డ్యూటీలు తప్పవు, పాప చిన్నది. కాన్పులు చేయడమంటే ఇష్టముండి వెళ్తే ఇవన్నీ సర్దుకోవచ్చు. ఆ రాత్రికి ప్రాయశ్చిత్తంగా వెళ్తే, అలాంటి రెండో రాత్రి వచ్చినప్పుడు తట్టుకోలేరు. ఆ రంగంలో ఉన్నవాళ్లెవరికీ అలాంటి రాత్రి ఒకటితో ఆగదు.

మందుల కంపెనీని మీరు పారిపోవడంగా రాశారు. నేనలా చూడను. 1961లో థాలిడోమైడ్ ఘోరం బయటపడ్డాక గర్భిణులను మందుల ట్రయల్స్ నుంచి దూరం పెట్టడం అలవాటైంది. ఫలితంగా చాలా మందులు గర్భిణికి క్షేమమో కాదో మందు బజార్లోకి వచ్చాకే తెలుసుకోవాల్సి వస్తోంది. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ వేసుకున్న తల్లులకు పుట్టే బిడ్డల్లో పదిమందిలో సుమారు ఒకరికి పుట్టుకతో లోపాలుంటాయని నిలకడగా చూపించింది గర్భిణుల వివరాలు నమోదు చేసి గమనించే రిజిస్ట్రీలే. ఆ పని చేయడానికి మీలాంటివాళ్లు కావాలి. చేరేముందు రెండు అడగండి: గర్భిణుల భద్రత మీదే పని ఇస్తారా, ఫలితం ఎలా వచ్చినా అచ్చువేసే స్వేచ్ఛ ఉంటుందా. సబ్‌గ్రూప్ తగవు నుంచి బయటపడి, అంతకంటే పెద్ద తగవులో పడకూడదు కదా. ఇంకోటి, నాలుగైదేళ్లు పేపర్లు లేకపోతే విశ్వవిద్యాలయ పరిశోధనకు తిరిగి రావడం కష్టం. స్థిరమైన జీతం కూడా చిన్న కారణం కాదు, దానికి సిగ్గుపడొద్దు.

ఫెలోషిప్ మీ మనసుకు దగ్గరగా ఉందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. రెండేళ్ల తర్వాత మళ్లీ ఇదే ఎనిమిది నెలల భయం. దాన్ని ఇంకెన్నిసార్లు మోయగలరో మీరూ మీ భర్తా కూర్చుని మాట్లాడుకోండి. ఆయన "నువ్వేం చేసినా సరే" అనడం ప్రేమే కానీ, ఇలాంటప్పుడు ఆయన లెక్క కూడా మీకు కావాలి.

మీ జాబితాలో లేని నాలుగోది ఒకటుంది: మాతృమరణాల సమీక్ష, నిఘా. గర్భంతో ఉండగా గానీ, ఆ గర్భం ముగిసిన 42 రోజుల్లోపు గానీ ఆ కారణంగా పోయిన ప్రతి తల్లి కథనూ మొదటి నుంచి చివరిదాకా తిరిగి చదివి, ఎక్కడ ఏం జరిగి ఉంటే నిలిచేదో వెతకడం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1952 నుంచి చేస్తున్నారు. ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో జాప్యం, చేరడంలో జాప్యం, చేరాక చికిత్సలో జాప్యం అని 1994లో థడియస్, మెయిన్ చెప్పిన మూడు జాప్యాలను పట్టుకునే పని ఇది. లేబర్ రూమూ తెలిసి, డేటాసెట్టూ తెలిసినవాళ్లు తక్కువ. పేపర్లు తక్కువ వస్తాయి, పేరు రాదు, అధికారుల చుట్టూ తిరగాల్సి ఉంటుంది. కానీ అక్కడ ప్రతి 1 వెనకా ఒక కథ ఉంటుంది, దాన్ని చదవడమే మీ ఉద్యోగం. అది మీకు ఊరటనిస్తుందో, మరింత నిద్ర చెడగొడుతుందో నేను చెప్పలేను. అందుకే ఒప్పుకునే ముందు కొన్ని సమీక్షల్లో కూర్చుని చూడండి.

అమ్మగారికి జవాబు చెప్పాలని తాపత్రయపడకండి. ఒకసారి ఆ రక్తం కొలిచే సంచీ కథ చెప్పి చూడండి, లెక్కల సంగతి ఆవిడకే అర్థం కావచ్చు.

మూడింటికి మెలకువ రావడం పని ఒత్తిడి మాత్రమే కాదు. దానికి మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లండి, ఉద్యోగం సంగతి తేలేదాకా వాయిదా వేయకండి. వాళ్ల తోడుతో, మీకు నమ్మకమున్న సీనియర్ ప్రసూతి వైద్యురాలిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఒకరోజు ఆ రాత్రిని మరణ సమీక్షలా కాగితం మీద రాయండి. కాన్పు ఎన్నింటికి, మొదటి గుడ్డ ఎన్నింటికి మార్చారు, డ్యూటీలో ఎంతమంది ఉన్నారు, పెద్ద డాక్టరుకు కబురు ఎప్పుడు వెళ్లింది, రక్తం ఎక్కడి నుంచి రావాలి, ఎప్పుడొచ్చింది. మీరు చేసింది ఒక వరుసలో, మీ చేతిలో లేనిది పక్క వరుసలో. ఆ కాగితం ఎవరికీ చూపించాల్సిన పనిలేదు. దాన్ని రాసేటప్పుడు మాత్రం ఒంటరిగా ఉండకండి.